ఊరి మేస్త్రి రేటు పెంచమంటున్నాడు, బయట బ్యాచ్ చవకగా వస్తోంది: ఏం చేయాలి?

మాస్టారూ, మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా రాస్తాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీరే చూడండి. సత్తెనపల్లి దగ్గర మీ సొంతూళ్లో 1,250 చదరపు అడుగుల ఇల్లు. మొత్తం బడ్జెట్ 26 లక్షలు. ఏడాది క్రితం ఊరి మేస్త్రితో చదరపు అడుగుకి 340 చొప్పున లేబర్ కాంట్రాక్టు (సామాను మీది, పని ఆయనది) మాట్లాడుకున్నారు. ప్లింత్ బీమ్ (పునాది మీద, గోడల కింద వేసే కాంక్రీటు దూలం) అయ్యాక బ్యాంకు లోను ఆలస్యమై పని ఎనిమిది నెలలు ఆగిపోయింది. ఇప్పుడు డబ్బు వచ్చింది, మేస్త్రేమో 400 ఇస్తేనే పని ఎత్తుకుంటానంటున్నాడు. ఇంకో లేబర్ కాంట్రాక్టరు బయట రాష్ట్రం బ్యాచ్‌ని దించి 310కే చేయిస్తానంటున్నాడు. అన్ని ధరలూ మండిపోతున్నప్పుడు మేస్త్రికి ఇంత పెంచడం న్యాయమేనా, మార్చేస్తే ఏమైనా నష్టమా అని మీ ప్రశ్న.

నేను డిప్లొమా చదివి 1994లో సైటులోకి దిగాను. అప్పటి నుంచి నరసరావుపేట, సత్తెనపల్లి, పిడుగురాళ్ల చుట్టుపక్కలే ఇళ్లు కట్టిస్తున్నాను. నా మాట సూటిగా చెప్తాను. ఆ మేస్త్రినే ఉంచుకోండి. రేటు 390 దగ్గర తేల్చుకోండి. పెంచిన రేటు మిగిలిన పనికే వర్తిస్తుందని ఇద్దరూ అనుకోండి. అయిపోయిన పునాదికి పాత రేటే.

390 ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను. మా వైపు ఏడాది క్రితం తాపీ పనివాడికి రోజుకి 900 నడిచేది, ఇప్పుడు 1,000. మగ కూలీకి 600 ఉన్నది 700 అయింది, ఆడ కూలీకి 450 ఉన్నది 550 అయింది. మీ ఇంటికి మామూలుగా వచ్చే జట్టంటే ఇద్దరు తాపీవాళ్లు, ఒక మగ కూలీ, ఇద్దరు ఆడకూలీలు. ఆ జట్టుకి అప్పుడు రోజుకి 3,300 అయ్యేది, ఇప్పుడు 3,800. అంటే నూటికి 15 పెరిగింది. 340 మీద 15 శాతం వేస్తే 51. మొత్తం 391. మీ మేస్త్రి అడిగిన 400లో ఆ పైన ఉన్నది బేరం కోసం పెట్టుకున్నదే. కూర్చుని మాట్లాడితే దిగుతాడు.

ఇదే లెక్క ఆయన వైపు నుంచి కూడా వేసి చూడండి. పాత రేటుకి మీ కాంట్రాక్టు 4 లక్షల 25 వేలు. రోజుకి 3,300 జట్టుతో అది సుమారు 130 రోజుల పని. పునాది, ప్లింత్ కలిపి ఐదో వంతు అయిందనుకుంటే ఇంకా వంద రోజులకి పైగా ఉంది. ఆయన 340కే చేస్తే ఆ వంద రోజులూ రోజుకి 500 చొప్పున తన జేబులోంచి కూలీలకి కట్టాలి. అంటే 50 వేలు. మిగిలిన పని వెయ్యి అడుగుల లెక్క కాబట్టి, మీరు 390 ఇస్తే మీకు అదనంగా పడేదీ ఆ 50 వేలే. ధరలు పెరగడం వల్ల వచ్చిన ఈ 50 వేలు ఎవరో ఒకరు భరించాల్సిందే. పని ఆగింది మీ లోను వల్ల, ఆయన రానందువల్ల కాదు. 26 లక్షల ఇంట్లో అది నూటికి రెండు రూపాయలు కూడా లేదు. ఆయన ఇంట్లో మాత్రం అది పిల్లాడి కాలేజీ ఫీజు.

ఇంకొక మాట. మీరు టీచరు. చేతికి రావడం ఎంత ఆలస్యమైనా, ధరలు పెరిగితే మీ డీఏ పెరగాలని ప్రభుత్వం దగ్గర ఒక లెక్కంటూ ఉంది. కనీస వేతనాల్లోనూ ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లోనూ అక్టోబరులోనూ, ధరల సూచీని బట్టి కరువు భత్యం మారుతుంది. ఊళ్లో మేస్త్రికి ఆ లెక్క ఎవరూ వేసి పెట్టరు. మీ గుమ్మం ముందు నిలబడి ఆయనే అడుక్కోవాలి. 2022 ఏప్రిల్‌లో దేశంలో చిల్లర ద్రవ్యోల్బణం 7.79 శాతానికి పోయింది. వంటనూనె, పెట్రోలు, గ్యాసు అన్నీ ఒక్కసారే ఎక్కాయి. ఆ ఏడు రేటు అడిగిన మేస్త్రిని ఆశపోతని తిట్టిన యజమానులు నాకు చాలామంది తెలుసు. వాళ్లలో ఒక్కరూ స్టీలు కొట్టువాణ్ణి తిట్టలేదు.

అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఇల్లు కట్టేటప్పుడు మన బేరం చెల్లేది ఒక్క కూలి దగ్గరే. యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక మా వైపు టన్ను ఇనుము 80 వేల దాకా పోయింది. ఆ మేలో కేంద్రం స్టీలు ఎగుమతుల మీద 15 శాతం సుంకం వేశాక కాస్త దిగింది. సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది 2025 సెప్టెంబరులో. వీటిలో వేటికీ మనని ఎవరూ అడగలేదు. సిమెంటు ఫ్యాక్టరీలు మన పల్నాడులోనే ఉన్నా బస్తా ధర మన చేతిలో లేదు. దాంతో ఆ కోపం, ఆ టెన్షన్ అంతా ఎదురుగా కనిపించే మనిషి మీదికి పోతుంది. ఇంటిని నిలబెట్టేది మాత్రం ఆ మనిషి చెయ్యే.

చెయ్యి అంటే ఏమిటో దగ్గర నుంచి చూపిస్తాను. గోడ కట్టేటప్పుడు మంచి మేస్త్రి నాలుగైదు వరసలకోసారి దారానికి కట్టిన గుండు వేసి చూస్తాడు. దారం కదలకుండా ఆగేదాకా ఊపిరి బిగబట్టినట్టు నిలబడతాడు. గుండుకీ గోడకీ మధ్య సందు కిందా పైనా ఒకేలా ఉంటేనే తర్వాతి ఇటుక పెడతాడు. గోడ నిలువుగా వస్తే ప్లాస్టరింగ్ 12 మిల్లీమీటర్లతో సరిపోతుంది. ఒక పాలు సిమెంటుకి ఐదు పాళ్ల ఇసుక కలిపిన మాలుతో వెయ్యి చదరపు అడుగులకి 7 బస్తాల సిమెంటు పడుతుంది. గోడ అటూ ఇటూ పోతే ఆ వంకర కప్పడానికి 20 మిల్లీమీటర్లు కొట్టాలి, అప్పుడు 11, 12 బస్తాలు. మీ ఇంటికి లోపలా బయటా కలిపి 4,500 అడుగుల ప్లాస్టరింగ్ ఉంటుంది. 20 బస్తాల పైన సిమెంటు, ఒకటిన్నర ట్రాక్టరు దాకా ఇసుక గోడ వంకరలోకి పోయినట్టే. మందంగా కొట్టిన ప్లాస్టరింగ్‌కి పగుళ్లు కూడా ఎక్కువ.

ఇనుమూ అంతే. ఊచ 12 మీటర్లు వస్తుంది. తెలిసినవాడు ముందు పెద్ద ముక్కలు కోసి, మిగిలిన తుండ్లు గుమ్మాల మీద వేసే లింటెల్‌కీ, సన్‌షేడ్‌కీ వాడతాడు. తెలియనివాడు, లేదా తొందరలో ఉన్నవాడు, ప్రతి ముక్కకీ కొత్త ఊచ తీస్తాడు. మీ ఇంటికి నాలుగున్నర టన్నులు పడితే నూటికి 5 అదనంగా వృథా అయినా 225 కిలోలు. కిలో 60 వేసుకుంటే 13,500.

ఈ రెండూ కలిపి పాతిక వేలు. 310 బ్యాచ్ పెట్టుకుంటే 390తో పోలిస్తే మీకు 80 వేలు మిగులుతాయి, పాతిక వేలు పోయినా ఇంకా లాభమే కదా అని మీరు అడగొచ్చు. లెక్క ప్రకారం నిజమే. అసలు దెబ్బ తగిలేది శ్లాబులో.

2022లో నేను పర్యవేక్షణకి ఒప్పుకున్న ఒక ఇల్లుంది. స్టీలు ధర చూసి యజమాని భయపడ్డాడు. లింటెల్ దాకా కట్టిన ఊరి మేస్త్రిని మానిపించి, చవగ్గా వస్తున్నారని ఒక లేబర్ కాంట్రాక్టరు తెచ్చిన బ్యాచ్‌ని పెట్టాడు. గట్టిగా వద్దని చెప్పలేకపోయాను, ఆ విషయం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. శ్లాబు వేసే రోజు నేను వేరే సైటు నుంచి వచ్చేసరికి సగం పోసేశారు. చూస్తే ఊచలని ఎత్తి ఉంచడానికి వాటి కింద పెట్టే చిన్న దిమ్మలు, కవర్ బ్లాకులు, సగం చోట్ల లేవు. ఊచలు సెంట్రింగ్ రేకుల మీదే, అంటే శ్లాబు పోయడానికి కింద కట్టిన రేకుల మీదే, పడి ఉన్నాయి. శ్లాబులో ఊచల కింద 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు ఉండాలి. మాలు జారుగా ఉంటే త్వరగా పరుచుకుంటుందని మిక్సరులోకి పైపుతోనే నీళ్లు వదులుతున్నారు. ఎం20 అనే రకం కాంక్రీటు మాలుకి సిమెంటు బస్తాకి 30 లీటర్ల నీళ్లు దాటకూడదు. ఆపించాను, మిగిలిన సగం సరిగ్గా వేయించాను. మర్నాడు మడులు కట్టి నీళ్లు నిలబెట్టాలి. బ్యాచ్ లేదు. కాంట్రాక్టరు వాళ్లని రాత్రికి రాత్రే ఇంకో సైటుకి తరలించాడు. అసలే ఎండాకాలం, రెంటచింతల ఎండల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఇలాంటి ఎండల్లో తక్కువలో తక్కువ పది రోజులు శ్లాబు తడి ఆరకూడదు. యజమాని భార్య రోజుకి రెండుసార్లు బకెట్లతో పోసింది పాపం, అది ఏ మూలకి సరిపోతుంది? హాలు పొడవు 16 అడుగులు. నాలుగున్నర మీటర్లు దాటిన శ్లాబు కింద పోట్లు (ఆనుగా నిలబెట్టే కర్రలు) 14 రోజులు ఉంచాలి. వేరే చోట సెంట్రింగ్ కావాలని తొమ్మిదో రోజే లాగేశారు. మధ్యలో అర అంగుళం దిగింది. మొదటి వానకే కారింది. గుల్లపడ్డ చోటల్లా చెక్కించి, మందులు పట్టించి, పైన వాటర్ ప్రూఫింగ్ చేయించేసరికి లక్షా నలభై వేలు అయింది. కూలిలో ఆయన మిగుల్చుకున్నది 60 వేలు.

ఆ తప్పు ఆ కుర్రాళ్ల మీద వేయడానికి నాకు మనసొప్పదు. తర్వాత వాళ్లలో ఒకడితో మాట్లాడాను. కాంట్రాక్టరు యజమాని దగ్గర అడుగు లెక్కన తీసుకుని వాళ్లకి రోజుకి 500 ఇస్తున్నాడు, అందులోంచే తిండికి కోసుకుంటున్నాడు. రేకుల షెడ్డులో పన్నెండు మంది పడుకుంటున్నారు. పొద్దున ఆరింటి నుంచి రాత్రి ఎనిమిదింటి దాకా పని. నీళ్లు కొట్టడానికి ఎవరికీ కూలి కట్టలేదు, కవర్ బ్లాకులు తెచ్చి ఇవ్వలేదు. అలాంటి చోట నేనున్నా, మీరున్నా పని అలాగే ఉంటుంది. మన వాళ్లూ ఇదే పని మీద ఊళ్లు వదిలారు. పాలమూరు జనం దేశమంతా డ్యాములూ కాలవలూ తవ్వారు. హైదరాబాద్ అపార్టుమెంట్లలో శ్రీకాకుళం, విజయనగరం వాళ్ల చెమట ఎంతుందో చెప్పలేం. 2020 లాక్‌డౌన్‌లో 16వ నంబరు హైవే మీద ఒడిశా వైపు నడిచిపోయిన వాళ్లలో మన శ్లాబులు వేసిన వాళ్లున్నారు. కాబట్టి బయటవాళ్లు వద్దని నేను అనడం లేదు. మీ మేస్త్రే తన జట్టులో ఒడిశా కుర్రాణ్ణి పెట్టుకుని తోటివాళ్లతో సమానంగా కూలి ఇస్తే మంచిదే. 310 తనకి ఎలా గిట్టుబాటు అవుతుందో ఆ కాంట్రాక్టరుని అడిగి చూడండి. ఇవాళ్టి కూలితో 390 పడే పని 310కి వస్తోందంటే ఆ 80 ఎవరో ఒకరి కంచంలోంచి తీసిందే.

మంచి కూలి ఇస్తే పనివాళ్లు ఎక్కడికైనా వస్తారనడానికి కేరళే సాక్ష్యం. రిజర్వు బ్యాంకు లెక్కల్లో 2022-23లో అక్కడి పల్లెల్లో నిర్మాణ కూలి సగటున రోజుకి 850 దాటింది, దేశ సగటు 400 కూడా లేదు. బెంగాల్ నుంచీ ఒడిశా నుంచీ అంత దూరం రైలెక్కి పోయేది అందుకే. మన దగ్గర కూలి ఎందుకు పెరుగుతోందో కూడా చెప్పాలి. 2019లో ఆంధ్రలో ఇసుక దొరక్క నెలల తరబడి పనులు ఆగాయి. ఆ వెంటనే 2020 వచ్చింది. ఆ రెండేళ్లలో నాతో పనిచేసిన తాపీవాళ్లు కొందరు ఆటో కొనుక్కున్నారు, కొందరు హోటళ్లలో చేరారు, మళ్లీ తాపీ పట్టలేదు. మిగిలిన వాళ్ల కొడుకులు ఈ పనిలోకి రావడం లేదు. మా జట్టులో అందరికంటే చిన్న తాపీవాడికి 38 ఏళ్లు. చెయ్యి తిరిగిన మనిషి కావాలంటే అతను ఈ పనిలో నిలబడగలిగేంత ఇవ్వాలి, వేరే దారి నాకు కనిపించడం లేదు.

ఊరి మనిషి అని నేను పట్టుబట్టడానికి ఇంకా కారణాలున్నాయి. మీది నల్లరేగడి. వానలకి ఉబ్బి, ఎండలకి బెత్తెడు నెర్రెలు విచ్చే నేల. మీ ఊళ్లో ఏ ఇల్లు ఏ మూల బీటిచ్చింది, ఎవరు ఎంత లోతు తవ్వారు, ఎక్కడ ఊట వచ్చింది అనేది ఆ మేస్త్రికి తెలుసు. పునాది గోతిలో ఆయన ఎంత ఇసుక పోసి తొక్కించాడో చూసినవాడు ఆయనొక్కడే. రేపు మెట్ల దగ్గర సన్న పగులు వస్తే అది నేల వల్లనా, గోడ వల్లనా అని చూడగానే చెప్పగలడు. బయట బ్యాచ్‌కి మీ పునాది సంగతి తెలియదు, తెలియనిదానికి పూచీ కూడా పడరు. ఏ లోపం వచ్చినా ముందువాడిదే అంటారు. మీరు ఆయన్ని సంతలో చూస్తారు, పెళ్లిళ్లలో చూస్తారు, ఆయన మనవడు మీ బడిలోనే చదువుతుండొచ్చు. ద్వారబంధం ఎత్తిన రోజు, గృహప్రవేశం రోజు మీరు బట్టలు పెట్టేది ఆయనకే. మా సొంతింటికి పని చేసిన పెద్ద మేస్త్రి, ఇల్లు కట్టిన పదకొండేళ్లకి, పిట్టగోడ దగ్గర నెమ్ము వచ్చిందని ఫోన్ చేస్తే సైకిలు మీద వచ్చి, ఎండలో అరగంట కూర్చుని, నీటి గొట్టం పక్కన సందు కనిపెట్టి పూడ్చి వెళ్లాడు. డబ్బిస్తే మజ్జిగ చాలన్నాడు. ఆ ఇంటికి మేము ఆయన రేటులో ఒక్క రూపాయి కోయలేదు.

ఇక డబ్బు ఎలా ఇవ్వాలన్నది. పెద్ద అడ్వాన్సులు వద్దు, బాకీలూ వద్దు. పని ఏ దశకి ఎంతో ముందే రాసుకోండి: కాలమ్స్, గోడలు, శ్లాబు, ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్. ప్రతి శనివారం సాయంత్రం అయిన పనిని బట్టి ఇచ్చేయండి. ఆదివారం వాళ్లింట్లో సరుకులు కొనుక్కునే రోజు, సోమవారం ఇస్తానంటే వాళ్లు వడ్డీకి తెచ్చుకోవాల్సి వస్తుంది. ఆరు నెలలు దాటితే కూలి రేట్లు చూసి మళ్లీ మాట్లాడుకుందాం అని కాగితంలో ఒక వాక్యం పెట్టండి, ఇద్దరికీ గొడవ ఉండదు. నూటికి 5 ఆపుకుని మొదటి వానాకాలం గడిచాక ఇవ్వండి, అది ముందే చెప్పండి. క్యూరింగ్‌కి మాత్రం, అంటే కాంక్రీటుకి నీళ్లు పట్టడానికి, విడిగా ఒక మనిషి కూలి లెక్క వేయండి. అందరూ మర్చిపోయేది అదే.

ఆడకూలీల సంగతి. 550 అని పైన రాశాను, నడుస్తున్న రేటు అది. అది న్యాయమైన రేటని నేను అనను. గమేళా బరువు ఆడవాళ్లకి తగ్గదు, పరంజా మెట్లూ తగ్గవు. సమాన పనికి సమాన కూలి అని 1976లోనే చట్టం వచ్చింది. మా సైట్లలో మాలు మోసే పనికి మగా ఆడా ఒకే కూలి ఇవ్వడం ఆరేళ్ల నుంచి చేస్తున్నాను. మీ ఇంటికి అలా ఇవ్వాలంటే రోజుకి 300 అదనం అవుతుంది, వంద రోజులకి 30 వేలు. మీకు వీలైతే ఇది మేస్త్రికి విడిగా చెప్పి ఇప్పించండి.

ఇంకోటి, మీ ప్లాన్ అప్రూవల్ కాగితాల్లో కార్మిక సంక్షేమ సెస్ కింద 1 శాతం కట్టిన రసీదు ఉంటుంది, చూడండి. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టంతో మొదలైన వసూలు అది. అది అందాలంటే కార్మికుడు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవాలి. వయసు 18 నుంచి 60 మధ్య ఉండి, ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసి ఉండాలి. మీ ఇంటి పనే వంద రోజులు ఉంది. పనిచేసిన రోజులు రాసి మీరు సంతకం పెట్టి ఇస్తే వాళ్లకి ఎంతో ఆసరా. చదువు చెప్పే చేతులు మీవి, ఆ ఫారాలు నింపడం మీకు ఒక సాయంత్రం పని.

ఖర్చు తగ్గించుకునే చోట్లు వేరే ఉన్నాయి. ఎలివేషన్ డిజైన్లు, హాల్లో ఫాల్స్ సీలింగ్, పని మధ్యలో ప్లాన్ మార్చడం, ఈ మూడూ వదిలేస్తే మీరు పెంచే కూలి అందులోంచే వచ్చేస్తుంది. శ్లాబు ఇనుము మొత్తం ఒకేసారి, ధర కాస్త దిగిన రోజు తెచ్చి పడేయండి.

పని మళ్లీ మొదలుపెట్టే ముందు రెండు సంగతులు చూసుకోండి. ప్లింత్ మీద లేచి ఉన్న కాలమ్ ఊచలు ఎనిమిది నెలల నుంచి వానలో ఉన్నాయి. వైర్ బ్రష్‌తో తుప్పు పొక్కు పోయేలా రుద్దించి, మందం తగ్గిందేమో కొలిపించాకే కొత్త ఊచలు కట్టించండి. రెండోది, మన వైపు మిరప కోతలు మొదలైతే ఆడకూలీలు దొరకరు, దొరికినా రేటు వేరుగా ఉంటుంది. కోతలు పుంజుకునేలోపు శ్లాబు పడేలా మేస్త్రితో తేదీలు లెక్కపెట్టుకోండి. ఈ ఆదివారం ఆయన్ని ఇంటికి పిలిచి, కూర్చోబెట్టి, టీ ఇచ్చి, పైన నేను వేసిన జట్టు లెక్క కాగితం మీద ఆయన ముందే వేయండి. తర్వాత ఏమైందో రాయండి, శ్లాబు ముందు రోజు ఊచలు కట్టాక ఫోటోలు పెడితే చూసి చెప్తాను.